వంతెన మీద అభ్యంతరం

"ఇదే ఆఖరు. వచ్చే ఆదివారం నుంచి నేను రాను," అంది అక్క, సింకు దగ్గర కప్పులు కడుగుతూ. పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా అంది.

పక్కన నిలబడి కప్పులు తుడుస్తున్న చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. "ఏమైందక్కా?"

"ఏమీ అవలేదు. అదే కదా సంగతి. నేనొచ్చి చేసేదేముంది? నా తరఫున ఆడటానికి మీ బావగారున్నారుగా. ఆ కుర్చీ ఖాళీ అయితే కరెంటాయన కాళ్ళు చాపుకుంటాడు."

నవ్వుతూనే అంది. కానీ అక్క నవ్వుల్లో ఏది అసలు నవ్వో, ఏది పైపైదో చెల్లెలికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇది పైపైదే. 

షాపు చెల్లెలిది. కళ్ళజోళ్ళ షాపు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషన్ మీద గుడ్డ కప్పి, ఫ్రేములు సర్దుకునే పొడుగు బల్ల ఖాళీ చేసి, నలుగురూ చుట్టూ కూర్చుని కథాట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, "నేనిప్పుడు ఈ పని చేస్తున్నాను" అని చెప్తారు. ఆ పని సాగుతుందా, బెడిసికొడుతుందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడితే సాగినట్టు. అంతే ఆట. ఇంత వయసొచ్చి ఇవేం చేష్టలని ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు. ఎవరో ఆడుతుంటే టీవీ ముందు కూర్చుని గొంతు చించుకోవడం కన్నా, మనమే ఆడి గొంతు చించుకోవడం నయం.

కథ నడిపేది చెల్లెలు. ఆ విద్య ఆమెకి నేర్పింది అక్కే. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకటే దుప్పటి. ఆ దుప్పటి కింద అక్క గుసగుసగా కథ మొదలెట్టి, సరిగ్గా రాక్షసుడు తలుపు తట్టే చోట ఆపి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగేది. చెల్లెలు ఏం చెప్తే కథ అటు తిరిగేది. అట్లాంటి అక్క పెళ్ళయ్యాక మెల్లగా మాట తగ్గించింది. ఆస్పత్రి రిసెప్షన్లో రోజంతా మైకులో పేర్లు పిలిచే మనిషి, ఇంటికొస్తే కూర్చున్న చోటే అలమారలా ఉండిపోయేది. బావ కొట్టడం తిట్టడం ఏమీ లేదు. ఆమె నోరు తెరిచేలోపు ఆ మాట బావ చెప్పేసేవాడు, అంతే. రెండేళ్ళ క్రితం చెల్లెలు పట్టుబట్టి అక్కని ఈ బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. ఇక్కడైనా ఆ పాత గొంతు వినపడుతుందేమోనని ఆశ. ఇప్పుడు ఆ ఆశే కప్పులు కడుక్కుని వెళ్ళిపోతానంటోంది.

"ఈ ఒక్క పూట ఆడు," అంది చెల్లెలు. "ఆడాక చెప్పు."

"ఆడటానికేగా వచ్చింది," అని అక్క చేతులు తుడుచుకుంది.

బల్ల దగ్గర బావ అప్పటికే రూలు బుక్కు తెరిచి కూర్చున్నాడు. ఆయన ఇన్సూరెన్సు కంపెనీకి సర్వేయరు. గుద్దుకున్న కార్లు చూసి, ఎవరికి క్లెయిము రావాలో, ఎవరికి ఎందుకు రాకూడదో రాయడం ఆయన ఉద్యోగం. రాకూడదన్నప్పుడు కలం కాస్త హుషారుగా నడుస్తుందని ఆఫీసులో చెప్పుకుంటారు. చెడ్డవాడు కాదు. షాపులో ఫ్యాను ఆగితే అందరికన్నా ముందు స్టూలెక్కేది ఆయనే. కానీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఖర్మ కొద్దీ ఎక్కువసార్లు ఆయన పట్టిన కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళుండేవి. అందుకే ఆయనతో వాదించడం అంత కష్టం.

నాలుగో మనిషి కరెంటాయన. వీధిలో సగం ఇళ్ళకి వైరింగు చేసింది అతనే. ఏ గొడవనైనా జోకేసి ఆర్పాలని చూస్తాడు. ఒక్కోసారి ఆరుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది.

గొడవలొస్తే ఏం చెయ్యాలో ఆ బల్లకి ఒక పద్ధతుంది. తీర్పు మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి నిలబడి చెప్పాలి. కూర్చుని వాదించకూడదు. నిలబడితే కాళ్ళు లాగుతాయి, మాట పొదుపుగా వస్తుంది. ఆ తర్వాత కథ నడిపే మనిషి తీర్పు చెప్తుంది. తప్పో ఒప్పో, ఆ పూటకి అదే ఖాయం. ఆట ముగిశాక పుస్తకం తిరగేసి, తప్పని తేలితే వచ్చే వారం నుంచి సరిచేసుకుంటారు. కథలో జరిగిపోయింది మాత్రం జరిగిపోయినట్టే. ఈ పద్ధతి పెట్టిందీ చెల్లెలే. ఆటలో బావ గుర్రం పోయింది ఈ పద్ధతి వల్లే. "గుర్రం దిగి నదిలోకి నడుస్తాను" అని నోరు జారి, మరుక్షణం కాదు కాదన్నాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. కట్టని గుర్రం కట్టనట్టే పారిపోయింది. నెల రోజులు ముఖం మాడ్చుకున్నాడు గానీ, తీర్పుని మాత్రం కాదనలేదు.

ఆ పూట కథ ఒక లోయ దగ్గరికొచ్చింది. అవతల ఊళ్ళో జ్వరాలు. ముగ్గురూ మందుల పెట్టె మోసుకుని తాళ్ళ వంతెన దాటాలి. కరెంటాయన పాత్ర, ఒక బండమనిషి, పెట్టె నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డు చేరాడు. బావ పాత్ర కత్తివీరుడు. ఆ కత్తి సంపాదించడానికి ఏడాది ఆడాడు, సంపాదించినప్పటి నుంచీ దాని గురించే మాట్లాడుతున్నాడు. ఆ వీరుడు వంతెన మధ్యలో ఉన్నాడు. అక్క పాత్ర కొండదారులు తెలిసిన గైడు, భుజాన తాడు చుట్ట వేసుకుని వంతెన ఇవతలి కొసన రాతిమెట్టు మీద నిలబడి ఉంది. వెనక నాలుగడుగుల దూరంలో కొండ గోడ.

"వంతెన ఒక్కసారి ఊగింది," అంది చెల్లెలు, గొంతు తగ్గించి. "పైనున్న తాడు పోగులు పోగులుగా విడిపోతోంది. పుటుక్కున తెగింది. ఇంకొక్క తాడే మిగిలింది. అక్కా, నువ్వేం చేస్తున్నావు?"

అక్క ఊపిరి తీసుకుంది. పెదవులు విడివడ్డాయి.

"వెనక్కి వెళ్ళిపోతుంది," అన్నాడు బావ, పుస్తకం లోంచి తలెత్తకుండానే. "గోడ దాకా. ఆ రెండోది తెగినా అక్కడైతే ఏమీ కాదు. ఆ, రాసుకో."

చెల్లెలి పెన్సిలు అలవాటుగా కాగితం మీదికి పోయింది.

"కాదు," అంది అక్క. "నేను ముందుకెళ్తున్నాను."

పెద్దగా ఏమీ అనలేదు. అయినా కరెంటాయన నములుతున్న బిస్కట్టు నమలడం ఆపేశాడు. రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర అక్క "కాదు" అనడం అదే మొదలు.

బావ తలెత్తాడు. కోపం లేదు, ఆశ్చర్యమే. "ముందుకేంటి? చెప్పేశాంగా వెనక్కని."

"మీరు చెప్పారు."

"ఎవరు చెప్తేనేం, చెప్పింది చెప్పినట్టే." ఆయన లేచి నిలబడ్డాడు. అంటే అభ్యంతరం లాంఛనంగా మొదలైందన్నమాట. "మరదలా, రూలు చూడు. నోటితో చెప్పిన కదలిక చేసిన కదలికే. వెనక్కి తీసుకోడానికి లేదు. నా గుర్రం అట్లాగే పోయింది, గుర్తుందా?"

"గుర్తుంది బావా. కానీ అప్పుడు మీ పాత్ర మాట మీరు చెప్పారు. ఇప్పుడు అక్క పాత్ర మాట కూడా మీరే చెప్పారు."

"ఓహో! ఈ తేడా ఇవాళ కనిపించిందా?" బావ రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. "గుహలో దీపం ఆర్పమంది ఎవరు? నేను. ఆమె పాత్ర ఆర్పినట్టు రాసుకున్నావా లేదా? సంతలో బేరం ఒప్పుకుంది ఎవరు? నేను. రాసుకున్నావా లేదా? రెండేళ్ళుగా ఆమె తరఫున నేను చెప్పిన ప్రతి మాటా చెల్లింది. ఈ ఒక్కటి ఎందుకు చెల్లదు? అక్క కాబట్టా? పాలసీ అమ్మేటప్పుడు ఒక మాట, క్లెయిము దగ్గర ఇంకో మాట చెప్తే దాన్నేమంటారో నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో రోజూ చూస్తాను."

"అన్నా, బొమ్మా బొరుసూ వేసేద్దామా?" అన్నాడు కరెంటాయన. ఎవరూ నవ్వలేదు. అతను మళ్ళీ బిస్కట్టు నమలసాగాడు.

చెల్లెలు తన పాత కాగితాలు వెనక్కి తిప్పింది. ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజం, అదీ ఆమె బాధ. మొదటి వారం అక్క బెదురుగా కూర్చుంటే బావ అందించాడు, కొత్త కదా పోనీలెమ్మని రాసుకుంది. రెండో వారమూ రాసుకుంది. ఆ తర్వాత అక్క వైపు చూడటం కూడా మానేసి, ప్రశ్న అక్కని అడిగి జవాబు బావ దగ్గర తీసుకోవడం అలవాటు చేసుకుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది, ఇక్కడ రాస్తే బాగుండదు. పైగా రోజూ షాపులో ఆమె చేసే పనేమిటి? కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, అద్దం మార్చి అద్దం వేసి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. పక్కనుండే భర్తో కొడుకో "ఆ, బాగానే కనపడుతోందిలెండి" అంటే, "చూసేది ఆవిడండీ, ఆవిణ్ణే చెప్పనివ్వండి" అని ఎంతమంది నోళ్ళు మూయించిందో! సొంత అక్క దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఏ గంగలో కలిసింది?

ఇప్పుడు అక్క పక్షాన తీర్పు చెప్పడం తేలికే. పుస్తకంలో ఎక్కడో ఒక సందు దొరక్కపోదు. కానీ అది చెల్లెలు అక్కకి పెట్టిన ముష్టి అవుతుంది. ముష్టి సంగతి ముందుగా తెలిసేది పుచ్చుకున్నవాళ్ళకే. బావ పక్షాన చెప్తే న్యాయం అవుతుంది, అక్క మరి రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెల్లెలు పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. 

"అక్కా, నువ్వేమైనా చెప్తావా?"

అక్క కూడా లేచి నిలబడింది. పద్ధతి ప్రకారమే. "నువ్వెవరి చెల్లెలివో మర్చిపోయి చెప్పు," అంది. మళ్ళీ కూర్చుంది.

 సగం దించిన షట్టరు కింద నుంచి రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి.

"బావ చెప్పింది నిజం," అంది చెల్లెలు.  "ఇన్నాళ్ళూ ఆయన మాటని నీ మాటగా రాసుకున్నాను. ఆ తప్పు నాది. అప్పుడు చెల్లిన మాట, నాకు నచ్చలేదని ఇప్పుడు చెల్లదనలేను. గైడు గోడ దగ్గరే ఉంది. ఇది తీర్పు. కానీ ఇక్కణ్ణుంచి ఎవరి పాత్ర మాట వాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళు చెప్తే నేను రాసుకోను. ఇదీ తీర్పే."

"అదీ న్యాయమంటే!" అని బావ తృప్తిగా కూర్చున్నాడు.

అక్క తల ఊపింది. తన పెన్సిలు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. జిప్పు మూసింది.  అయిపోయింది, ఈ చేతుల్తోనే చేశాననుకుంది చెల్లెలు. అయినా ఆట ఆపడానికి లేదు. పాచిక అందరి ముందూ దొర్లించింది.

మూడు.

"రెండో తాడు కూడా తెగింది," అంది. "పలకలు ఇవతలి మెట్టు కిందకి వేలాడిపోయాయి. బావా, మీ వీరుడు ఒంటి చేత్తో ఒక పలక పట్టుకుని లోయ మీద వేలాడుతున్నాడు. ఇంకో చేతిలో కత్తి ఉంది."

బావ ముందుకి వంగాడు. "ఆగాగు. తాడు తెగేలోపు ఎవరైనా మెట్టు దగ్గర దాన్ని పట్టి ఆపొచ్చుగా? రూలుంది. పట్టినవాళ్ళ బలానికి పాచిక వెయ్యొచ్చు. మెట్టు దగ్గర ఎవరున్నారు?"

చెల్లెలు అక్క వైపు చూసింది.

"నేనుండేదాన్ని," అంది అక్క. "తాడు పట్టి ఆపుదామనే ముందుకెళ్తానన్నాను. ఇప్పుడు లేను. గోడ దగ్గరున్నాను."

కరెంటాయనకి బిస్కట్టు గొంతుకడ్డం పడింది. దగ్గుతూనే, "ఎవరు తవ్వుకున్న గోతిలో..." అని మొదలెట్టి, బావ ముఖం చూసి మిగతాది నీళ్ళతో మింగేశాడు.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు బావ.

అక్క ఆయన వంక చూసింది.  "చెప్పనిచ్చారా?" అంది.

 బావ రూలు బుక్కు పేజీలు తిప్పాడు, ఊరికే. మళ్ళీ లేచాడు. "సరే, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె ముందుకే వెళ్ళింది. రాసుకో మరదలా."

"తీర్పు అయిపోయింది బావా."

"నేను గెలిచిన తీర్పు నేనే వద్దంటుంటే నీకేంటి నష్టం?"

"కథలో జరిగింది జరిగినట్టే. మీ గుర్రం లాగానే."

బావ మెడ నరం ఉబ్బింది. చప్పున పుస్తకం మూసి, బల్ల మీది తాళాల గుత్తి అందుకున్నాడు. "పిల్లలాట. ఆదివారాలన్నీ ఈ చెత్తకి తగలేశాను. పద, వెళ్దాం," అని అక్క కుర్చీ వీపు మీద తట్టి షట్టరు దాకా నడిచాడు. వెనక అడుగులు వినిపిస్తాయని చూసుకోకుండానే నడిచాడు. ఎప్పుడూ వినిపించేవి మరి.

చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది. వద్దని అరవాలనుంది, అక్క చెయ్యి పట్టి ఆపాలనుంది. ఆపితే ఇందాక చెప్పిన రెండో తీర్పు నీళ్ళలో కలిసినట్టే. ఎవరి మాట వాళ్ళదేనని చెప్పి, ఇప్పుడు అక్క మాట తను చెప్పడమా? పళ్ళు బిగించి కూర్చుంది. జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకోవడం ఆమెకి అదే మొదటిసారి.

"నా వంతు అవలేదు," అంది అక్క.

బావ వెనక్కి తిరిగాడు. "ఏంటి?"

"ఆ కత్తివీరుడు పడిపోకముందు నా వంతు ఒకటుంది. అది ఆడి వస్తాను. మీరు వెళ్తే వెళ్ళండి, నేను బస్సులో వస్తాను." అని చెల్లెలి వైపు తిరిగింది. "అడగవేం?"

చెల్లెలు పెన్సిలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అక్కా, నువ్వేం చేస్తున్నావు?"

అక్క బల్ల మీదికి వంగింది. చెప్పడం మొదలెట్టింది. ఒక్క ముక్కలో కాదు, గుక్క తిప్పుకోకుండా. గోడలో మొలుచుకొచ్చిన రాయి ఒకటి చూశానంది, దానికి తాడు రెండు చుట్లు తిప్పి ముడేశానంది, లోయలోంచి గాలి ఎదురు కొడుతోంది కాబట్టి తాడు కొసకి నీళ్ళసీసా బరువుగా కట్టానంది. మెట్టు అంచుకి పాక్కుంటూ పోయి కిందకి చూస్తే ఆయన చెప్పొకటి జారి పడుతూ పడుతూ ఎంతకీ చప్పుడు చెయ్యలేదంది. కరెంటాయన నోరు తెరుచుకుని వింటున్నాడు. చెల్లెలికి కళ్ళు నిండిపోయి ఎదురుగా ఉన్న మనిషి మసకబారింది. ఈ గొంతే. దుప్పటి కింది గొంతు ఇదే.

"తాడు విసిరాను," అంది అక్క. "ఆయన చేతికి జానెడు దూరంలో ఊగుతోంది."

"పలక పట్టుకున్న చెయ్యి వదిల్తే పడిపోతాడు," అంది చెల్లెలు. "తాడు అందుకోవాలంటే రెండో చెయ్యి ఖాళీ చెయ్యాలి. కత్తి లోయలోకి పోతుంది."

"పోతే పోయింది," అన్నాడు కరెంటాయన. "అన్న వదిలేస్తాడులే. ఆ, పట్టుకున్నాడని రాసెయ్ చెల్లెమ్మా. ప్రాణం కన్నా..."

"నువ్వు చెప్పకు," అంది అక్క. కసురుకోలేదు, కానీ అతను టక్కున ఆగిపోయాడు. "ఆయన నోరు ఆయనకుంది."

ముగ్గురూ షట్టరు వైపు చూశారు. బావ తాళాల గుత్తి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఏడాది ఆడి సంపాదించిన కత్తి. ఆయన ముఖంలో మొదట కోపం ఉంది, ఆ తర్వాత లెక్కలున్నాయి, ఆ తర్వాత రెండూ లేవు. తన సంగతి ఇంకొకరు చెప్పేస్తుంటే ఎట్లా ఉంటుందో ఆ ఒక్క క్షణంలో తెలిసిందో ఏమో, పెళ్ళాం వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అక్క తొందరపెట్టలేదు. సాయం చెయ్యలేదు. కూర్చుని ఎదురుచూసింది, అంతే.

"వదిలేస్తున్నాను," అని గొణిగాడు. "తాడు పట్టుకుంటున్నాను."

"వినపడలేదు," అంది అక్క.

"కత్తి వదిలేశాను. తాడు పట్టుకున్నాను," అన్నాడు బావ, ఈసారి గది అంతా వినపడేటట్టు.

చెల్లెలు అది రాసుకుంది. అక్క కుర్చీ ముందుకి జరుపుకుని పాచిక చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు లాగుతాను," అంది. "ఎంత బరువున్నాడో చూద్దాం."